పర్మిట్ గడువు డిసెంబర్ 12తో అయిపోతోంది, టెర్మిన్ (అపాయింట్‌మెంట్) జాడ లేదు (జర్మనీ, స్టూడెంట్)

ఖమ్మం_మిర్చి · 17 నవంబర్ 2025

జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నా, ఐదో సెమిస్టర్. 2023 అక్టోబర్‌లో వచ్చా. అప్పుడు ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ కార్డు డిసెంబర్ 12తో అయిపోతుంది. అక్టోబర్ 6నే ఫారినర్స్ ఆఫీసు ఆన్‌లైన్ ఫారంలో ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేశా. "మీ అప్లికేషన్ అందింది, దయచేసి మళ్ళీ మళ్ళీ అడగవద్దు" అని ఒక ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది. అంతే. ఆరు వారాలైంది. రెండు మెయిళ్ళు పెట్టా, ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు సంగీతం వినిపించి కట్ అవుతుంది. ఆ ట్యూన్ ఇప్పుడు నాకు నిద్రలో కూడా వినిపిస్తోంది.

ఊరి పేరు రాయను. చిన్న ఊరు, ఒక్కటే ఆఫీసు, నా ఫైలు వాళ్ళ బల్ల మీదే ఉంది.

నా టెన్షన్ మూడు రకాలు. ఒకటి, వెర్క్‌ష్టుడెంట్ జాబ్, అంటే చదువుకుంటూ చేసే పార్ట్‌టైమ్ ఉద్యోగం, చేస్తున్నా. కొత్త కార్డు కాపీ ఇవ్వకపోతే డిసెంబర్ 13 నుంచి రావద్దని హెచ్ఆర్ వాళ్ళు మెయిల్ పెట్టారు. రెండు, అక్క పెళ్ళి. మూఢం పోయాక ఫిబ్రవరి ఆఖర్లో ముహూర్తం పెట్టారు. వెళ్తే మళ్ళీ రానిస్తారా? మూడు, అకౌంట్లో 5,100 యూరోలే ఉన్నాయి. వచ్చేటప్పుడు ఖర్చులకి ఉన్నాయని చూపించడానికి బ్యాంకులో బ్లాక్ చేసిన 11,208 ఎప్పుడో కరిగిపోయింది. ఇప్పుడు మళ్ళీ మొత్తం చూపించాలా?

టెర్మిన్ డిసెంబర్ 12 లోపు రాకపోతే నేను ఇల్లీగల్ అయిపోతానా? మూడు రోజులుగా అన్నం సహించడం లేదు.

పెసరట్టు_ప్రేమికుడు

మూఢంలో అప్లికేషన్ పెట్టి ఉంటావు, అందుకే కదలడం లేదు.

బెర్లిన్_బాబాయ్

ముందు అన్నం తిను తమ్ముడూ. ఇల్లీగల్ అవ్వవు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. టెర్మిన్ గడువు లోపు రావాలని ఎక్కడా లేదు. గడువు లోపు అప్లికేషన్ వాళ్ళకి చేరాలి, అంతే. నువ్వు అక్టోబర్ 6న పెట్టావు. వాళ్ళు ఔననో కాదనో చెప్పేదాకా నీ పాత పర్మిట్ బతికే ఉంటుంది, పని చేసే హక్కుతో సహా. నేను వచ్చి పదకొండేళ్ళు, నా కార్డులు మారేటప్పుడు రెండుసార్లు ఇదే జరిగింది.

ఆ ఆటోమేటిక్ మెయిల్ మాత్రం ప్రింట్ తీసి దాచుకో. నీ దగ్గరున్న ఆస్తి అదే.

గుంటూరు_గడుసుపిల్ల

బాబాయ్ చెప్పింది కాగితం మీద కరెక్టే. ఇప్పుడు నాకు జరిగింది చెప్తా, వినండి.

పోయినేడాది మూడు వారాల ముందే అప్లై చేశా. గడువు దాటింది. నేను హెచ్ఆర్‌కి ఇదే మాట చెప్పా, చట్టంలో ఇలా ఉంది, పాత పర్మిట్ నడుస్తుంది అని. ఆవిడ ఎంతో మర్యాదగా విని, "కాగితం చూపించండి" అంది. కాగితం లేదు. ఐదు వారాలు ఇంట్లో కూర్చున్నా, జీతం లేదు. అద్దె మా ఫ్లాట్‌మేట్ కట్టింది. హక్కు ఉందని చెప్పి రేవె సూపర్‌మార్కెట్ కౌంటర్లో పాల ప్యాకెట్ కొనలేం కదా.

అందుకని "ఏం కాదులే" అని పిల్లాడికి చెప్పకండి. కాగితం చేతికి వచ్చేదాకా వెంటపడాలి.

బెర్లిన్_బాబాయ్

ఏం కాదులే అని నేను అనలేదమ్మా, ఇల్లీగల్ అవ్వడు అన్నా. రెండూ వేరు. కానీ నీ పాయింట్ ఒప్పుకుంటున్నా.

కాగితాల_కోటయ్య

ఇద్దరూ చెప్పిందాంట్లో నిజముంది. విడదీసి చెప్తా, కాస్త పొడుగవుతుంది.

జర్మనీ రెసిడెన్స్ చట్టంలో 81వ సెక్షన్, 4వ పేరా. ఉన్న పర్మిట్ గడువు అయిపోకముందే ఎక్స్‌టెన్షన్ అడిగితే, నిర్ణయం వచ్చేదాకా పాతది కొనసాగుతున్నట్టే లెక్క. ఇండియా నుంచి తెచ్చుకున్న నేషనల్ వీసా, అంటే డి వీసాకి కూడా ఇది వర్తిస్తుంది. మూడు నెలల టూరిస్టు షెంగెన్ వీసాకి వర్తించదు. గడువు దాటి ఒక్కరోజు ఆలస్యంగా పెట్టినా ఈ రక్షణ హక్కుగా రాదు, ఆఫీసు దయ తలిస్తేనే.

ఇది నడుస్తోందని రుజువు చేసే కాగితమే ఫిక్షన్స్‌బెషైనిగుంగ్. పలకడం కష్టమని మనవాళ్ళు ఫిక్షన్ అంటారు. అదే సెక్షన్ 5వ పేరా ప్రకారం ఆ కాగితం ఇవ్వడం ఆఫీసు బాధ్యత. వాళ్ళేదో ఉపకారం చేస్తున్నట్టు కాదు. ఫీజు 13 యూరోలు.

ఇక హెచ్ఆర్ వాళ్ళని తిట్టుకోకండి. విదేశీయుణ్ణి పనిలో పెట్టుకున్న కంపెనీ పర్మిట్ చూసి, కాపీ ఫైల్లో పెట్టుకోవాలని అదే చట్టం చెబుతుంది. రేపు తనిఖీకి వస్తే జరిమానా వాళ్ళకి. గడుసుపిల్ల హెచ్ఆర్ చేసింది కటువుగా ఉన్నా తప్పు మాత్రం కాదు.

మిర్చీ, నువ్వు చేయాల్సింది: ఇంకో మెయిల్ పెట్టు, కానీ కథ రాయకు. సబ్జెక్టులోనే గడువు తేదీ, నీ పుట్టినతేదీ, ఫైల్ నంబర్ ఉంటే అదీ రాయి. లోపల నాలుగు వాక్యాలు జర్మన్‌లో: ఫలానా తేదీన అప్లై చేశాను, గడువు ఫలానా, ఫిక్షన్ ఇవ్వండి, లేకపోతే ఉద్యోగం పోతుంది. హెచ్ఆర్ మెయిల్ అటాచ్ చెయ్యి, అది బంగారం. ఇదే ఉత్తరం ఐన్‌ష్రైబెన్ రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపు. ఇక్కడ మెయిల్‌కి లేని మర్యాద ఉత్తరానికి ఉంటుంది.

పెసరట్టు_ప్రేమికుడు

ఫిక్షన్ అంటే కల్పన కదా కోటయ్యగారూ. అంటే మన బతుకు కల్పిత గాథ అని ప్రభుత్వమే సంతకం పెట్టి ఇస్తుందన్నమాట. 13 యూరోలకి అంతకంటే నిజాయితీ ఎక్కడ దొరుకుతుంది.

శ్రీకాకుళం_శీను

నేను పోలండ్‌లో ఉంటా. మాకు ఇలాంటి కాగితాలు లేవు, పాస్‌పోర్టులో ఎర్ర స్టాంప్ కొట్టేవాళ్ళు. దాంతో దేశంలో ఉండొచ్చు. కానీ ఇండియా వెళ్తే మళ్ళీ వీసా తీసుకునే రావాలి. మా నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు వెళ్ళలేకపోయా. మీకు వెళ్ళొచ్చే దారైనా ఉంది.

ఖమ్మం_మిర్చి

బాబాయ్, కోటయ్యగారూ, చాలా థ్యాంక్స్. ఇవాళ కొంచెం పెరుగన్నం దిగింది.

నాలుగు వాక్యాల మెయిల్ పెట్టా. ఉత్తరం రేపు పోస్టు చేస్తా. కానీ ఆ ఫిక్షన్ వాళ్ళంతట వాళ్ళే పంపిస్తారా, టెర్మిన్ ఉంటేనే ఇస్తారా?

బెర్లిన్_బాబాయ్

ఊరూరికీ వేరు. ఇక్కడ బెర్లిన్‌లో నేను ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి అప్లై చేస్తే వచ్చిన పీడీఎఫ్ చూపిస్తే మా ఆఫీసు ఒప్పుకుంది. ఇక్కడే ఉండడానికి, పని చేయడానికి అది చాలింది, బయటికి ప్రయాణాలకి పనికిరాదు. కొన్ని ఊళ్ళలో ఫిక్షన్ పోస్టులో వస్తుంది, కొన్ని చోట్ల మనిషి వెళ్ళాలి.

పోస్టు అంటే గుర్తొచ్చింది. మెయిల్‌బాక్స్ మీద నీ పేరు ఉందా?

ఖమ్మం_మిర్చి

ఆగస్టులో ఈ డబ్ల్యూజీకి (షేరింగ్ ఫ్లాట్) మారా బాబాయ్. అన్మెల్డుంగ్ (అడ్రస్ రిజిస్ట్రేషన్) కూడా రెండు వారాల్లోనే చేశా. అమెజాన్ పార్సిళ్ళు అన్నీ వస్తున్నాయి, అదేం సమస్య కాదు.

కడప_కుర్రోడు

డబ్బు విషయం ఎవరూ చెప్పలేదే. మిర్చి బ్రో, ఖర్చులకి నెలకి 992 చొప్పున పన్నెండు నెలలకి 11,904 చూపించాలి ఇప్పుడు. టెన్షన్ వద్దు. మా బ్యాచ్‌లో ఆరుగురం. ఒకే డబ్బు ఆరుగురి అకౌంట్లలోనూ తిరిగింది, ఊళ్ళో జాతర రథంలాగా. ఒక్కో ఇంటి ముందు ఆగడం, హారతి పట్టడం, ముందుకి కదలడం. అందరికీ ఎక్స్‌టెన్షన్ వచ్చింది. మీ దగ్గర ఎవరినైనా ఒక వారం అడుగు.

గుంటూరు_గడుసుపిల్ల

ఆ రథం కింద పడ్డవాళ్ళ గురించి కూడా చెప్పు కడపా.

మా సీనియర్ ఒకబ్బాయి ఇలాగే చేశాడు. బ్యాలెన్స్ సర్టిఫికెట్ చాలనుకున్నాడు. ఆఫీసావిడ మూడు నెలల స్టేట్‌మెంట్ అడిగింది. టెర్మిన్‌కి నాలుగు రోజుల ముందు 9,000 వచ్చి పడింది, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని అడిగింది. "ఫ్రెండ్" అన్నాడు. "తిరిగి ఇవ్వాలా?" అంది. ఏం చెప్తాడు? పర్మిట్ ఇచ్చారు గానీ ఆరు నెలలకే ఇచ్చారు. ఆరు నెలలకోసారి ఆ కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది పాపం.

కడప_కుర్రోడు

ఆయన బ్యాడ్ లక్. మేము నెల ముందే వేసేవాళ్ళం. అయినా అప్పు తీసుకోవడం నేరమా? ఇండియాలో పొలం తాకట్టు పెట్టి లోన్ తెచ్చి బ్లాక్ చేసినప్పుడు అది అప్పు కాదా?

కాగితాల_కోటయ్య

అప్పు నేరం కాదు. లోన్ కాగితాలతో చూపించే అప్పు ఒకటి, "ఇది నా ఖర్చులకే" అని చెప్పి వారం తర్వాత పక్కవాడికి పంపేసే డబ్బు ఇంకొకటి. రెండోది అబద్ధం. పర్మిట్ కోసం తప్పుడు సమాచారం ఇస్తే 95వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు లేదా జరిమానా అని రాసి ఉంది. అందరినీ జైల్లో వేస్తారని కాదు. రేపు బ్లూ కార్డుకో (డిగ్రీ ఉన్న ఉద్యోగులకి ఇచ్చే పర్మిట్) సిటిజన్‌షిప్‌కో వెళ్ళినప్పుడు పాత ఫైలు తెరిస్తే ఈ రథయాత్ర అందులో ఉంటుంది.

అసలు మిర్చికి ఆ అవసరమే లేదనుకుంటా. జాబ్‌లో నెలకి ఎంత వస్తుంది? కాంట్రాక్ట్ ఎప్పటిదాకా?

ఖమ్మం_మిర్చి

వారానికి 20 గంటలు, గంటకి 14. పెన్షన్ కోత పోను చేతికి 1,090 దాకా వస్తుంది. అందులోంచి హెల్త్ ఇన్సూరెన్స్ నేనే కట్టుకుంటా. కాంట్రాక్ట్ మార్చి 31 దాకా. థీసిస్ జనవరిలో మొదలు.

కాగితాల_కోటయ్య

చూశావా, 992 దాటింది. నెలనెలా వచ్చే జీతం కూడా ఆర్థిక స్తోమతే. మూడు నెలల పేస్లిప్పులు, కాంట్రాక్ట్, అకౌంట్లో ఉన్న 5,100 స్టేట్‌మెంట్. మార్చి తర్వాత సంగతి అడుగుతారు కాబట్టి కాంట్రాక్ట్ పొడిగిస్తామని మీ టీమ్ లీడ్‌తో ఒక లైన్ రాయించుకో. ఇంకా అనుమానంగా ఉంటే ఇక్కడ ఉద్యోగం చేసే బంధువులు ఎవరైనా ఉంటే ఫెర్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్క్లేరుంగ్ ఇవ్వొచ్చు, అంటే నీ ఖర్చులకి వాళ్ళు పూచీ పడడం. ఊరికే సంతకం కాదది, నువ్వు కట్టలేకపోతే వాళ్ళ దగ్గర వసూలు చేస్తారు. అందుకని అడిగేముందు ఆలోచించు.

ప్రొఫెసర్ దగ్గర కూడా ఒక కాగితం తీసుకో, థీసిస్ ఎప్పుడు మొదలు, ఎప్పటికి పూర్తవుతుంది అని. ఐదో సెమిస్టర్ కదా, "నాలుగు సెమిస్టర్ల కోర్సు ఇంకా ఎందుకు అవ్వలేదు" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. అప్పుడు నోటితో చెప్పడం కంటే లెటర్‌హెడ్ చూపించడం మేలు.

పెసరట్టు_ప్రేమికుడు

ఫెర్‌ఫ్లిష్టుంగ్స్... ఆ మాట పూర్తిగా పలికేలోపు పర్మిట్ గడువు అయిపోతుంది.

అత్తిలి_అమ్మాయి

పెళ్ళి విషయం నేను చెప్తా, నేను ఫిక్షన్ మీద ఇండియా వెళ్ళొచ్చా.

ఆ కాగితం ఆకుపచ్చగా ఉంటుంది, మడత పెట్టి. లోపల మూడు గళ్ళు ఉంటాయి. మూడో గడిలో టిక్ ఉంటే, అంటే కోటయ్యగారు చెప్పిన 4వ పేరా, వెళ్ళి తిరిగి రావచ్చు. మొదటి రెండు గళ్ళలో టిక్ ఉంటే వెళ్ళకు, లోపలికి రావడానికి అవి పనికిరావు. ఇచ్చిన వెంటనే కౌంటర్ దగ్గరే చూసుకో, నా ఫ్రెండ్‌కి పొరపాటున తప్పు గడిలో టిక్ పెడితే అక్కడికక్కడే మార్పించుకుంది.

జర్మనీలో దిగినప్పుడు పోలీసు అర నిమిషం చూసి పంపేశాడు. నరకం కనిపించింది బయలుదేరేటప్పుడు, మన దగ్గర. చెకిన్ కౌంటర్‌లో అబ్బాయి ఆ కాగితం ఎప్పుడూ చూడలేదు. పాత కార్డు చూసి "మేడమ్, ఎక్స్‌పైర్ అయింది కదా" అంటాడు. సూపర్‌వైజర్ వచ్చాడు, ఆయన ఇంకెవరికో ఫోన్ చేశాడు. నలభై నిమిషాలు. వెనక క్యూలో వాళ్ళు నన్ను ఏదో స్మగ్లర్‌ని చూసినట్టు చూశారు. మా అమ్మ అద్దాల బయట నిలబడి ఏడుపు. అప్పటికి నా అదృష్టం, నాలుగు గంటల ముందు వెళ్ళా.

అందుకని: పాత కార్డు, పాస్‌పోర్టు, ఫిక్షన్ మూడూ కలిపి చేతిలో పెట్టుకో. ఫిక్షన్ అంటే ఏమిటో ఇంగ్లీషులో వివరించే అధికారిక పేజీ ఒకటి ప్రింట్ తీసుకో. టికెట్ నేరుగా జర్మనీలో దిగేది కొను, హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి ఉంది కదా. దుబాయ్, దోహా మీదుగా అయినా పర్వాలేదు. పారిస్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో దిగి మారే చవక టికెట్ మాత్రం వద్దు. అక్కడి పోలీసుకి ఈ జర్మన్ కాగితం గురించి పాఠం చెప్పే ఓపిక నీకు ఉండదు.

ఖమ్మం_మిర్చి

అక్కా, ఇదంతా మా అమ్మకి చదివి వినిపించా. "పాపం ఆ అమ్మాయి" అంది. తర్వాత "నువ్వు రాకపోతే కన్యాదానం దగ్గర ఎవరు నిలబడతారు" అని మొదలుపెట్టింది. పాపం నేను.

కొత్తగా_వచ్చా

నాదో చిన్న ప్రశ్న, వేరే థ్రెడ్ పెట్టమంటే పెడతా. సెప్టెంబర్‌లో వచ్చా. డి వీసా ఫిబ్రవరి దాకా ఉంది. మొదటి కార్డుకి ఫోటో స్టూడియోలో తీయించుకుని నాలుగు ప్రింట్లు పట్టుకెళ్తే తీసుకోలేదు. ఎందుకు?

బెర్లిన్_బాబాయ్

2025 మే నుంచి ప్రింట్ ఫోటోలు చెల్లవు, డిజిటల్ మాత్రమే. గుర్తింపు ఉన్న స్టూడియోలోనో, ఆ సదుపాయం ఉన్న డీఎం షాపులోనో తీయించుకుంటే ఒక కోడ్ ఇస్తారు, ఆఫీసులో స్కాన్ చేస్తారు. ఆఫీసులోనే మెషిన్ ఉంటే అక్కడే 6 యూరోలు. ఆ నాలుగు ప్రింట్లు ఇంటికి పంపు, పెళ్ళిచూపులకి పనికొస్తాయి.

కొత్తగా_వచ్చా

బాబాయ్ 😄 ఫీజు ఎంత?

బెర్లిన్_బాబాయ్

మొదటిసారి 100. ఎక్స్‌టెన్షన్‌కి 93.

పాస్‌పోర్టు గడువు కూడా చూసుకో. అది ఏడాదిలో అయిపోతుంటే కార్డు కూడా అంతవరకే ఇస్తారు, రెండేళ్ళు రావాల్సింది ఏడాదే వస్తుంది. మళ్ళీ 93.

గుంటూరు_గడుసుపిల్ల

మిర్చీ, మెయిల్‌కి జవాబు వచ్చిందా? రాకపోతే పొద్దున్నే వెళ్ళి నిలబడు. ఇంటర్నెట్‌లో అందరూ "టెర్మిన్ లేకుండా రావద్దు" అని రాస్తారు. ఇన్ఫో కౌంటర్ అని ఒకటి ఉంటుంది, అక్కడికి ఎవరైనా వెళ్ళొచ్చు. నేను ఆఖరికి అలా వెళ్తేనే కదిలింది. ఆరున్నరకి వెళ్తే నా ముందు పద్నాలుగు మంది ఉన్నారు, థర్మాస్‌లు, మడత కుర్చీలతో. తిరుపతి సర్వదర్శనం లైన్లో నిలబడ్డవాళ్ళకి ఇది కొత్తేం కాదు.

కడప_కుర్రోడు

అక్కడ కనీసం లడ్డూ ఇస్తారు.

కాగితాల_కోటయ్య

నెలలు గడిచినా కదలకపోతే ఇంకో దారి ఉంది, చెప్పి ఉంచుతా. అప్లై చేసి మూడు నెలలైనా సరైన కారణం లేకుండా నిర్ణయం తీసుకోకపోతే అడ్మినిస్ట్రేటివ్ కోర్టులో కేసు వేయొచ్చు. పనిచేయకుండా కూర్చున్నందుకు కేసు, అక్షరాలా అదే దాని పేరు, ఉన్‌టేటిగ్‌కైట్స్‌క్లాగె. ఈపాటికి జవాబు రావాలని ఆశించే హక్కు నీకుండి కూడా వాళ్ళు ఇవ్వలేదని తేలితే కోర్టు ఖర్చు వాళ్ళమీదే పడుతుంది. కానీ మిర్చికి ఇంకా రెండు నెలలు కూడా కాలేదు. ఇప్పుడే లాయర్ దగ్గరికి పరుగెత్తకు. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు ముందు. చిన్న ఊళ్ళలో వాళ్ళకీ వీళ్ళకీ పరిచయాలుంటాయి, ఒక ఫోన్‌తో పనైపోతుంది.

శ్రీకాకుళం_శీను

పనిచేయకుండా కూర్చున్నందుకు కేసా! ఆ చట్టం మన మండలాఫీసుకి తేవాలి.

మోడరేటర్

రాజకీయాలు వద్దు. శీనుగారూ, నవ్వా కానీ వద్దు.

ఖమ్మం_మిర్చి · 25 నవంబర్ 2025

బాబాయ్‌కి సాష్టాంగ నమస్కారం. ఎందుకో చెప్తా.

నిన్న ఐదున్నరకి లేచి వెళ్ళా. మైనస్ మూడు డిగ్రీలు. నా ముందు తొమ్మిది మంది. ఎనిమిదిన్నరకి ఇన్ఫో కౌంటర్‌లో ఒక పెద్దావిడ నా పుట్టినతేదీ కొట్టి, స్క్రీన్ వైపు చూసి, "మీకు నవంబర్ 3నే ఉత్తరం పంపాం, తిరిగి వచ్చింది" అంది. ఎందుకు వచ్చింది అంటే, "ఈ అడ్రసులో ఈ పేరుగల మనిషి లేడు" అని పోస్ట్‌మ్యాన్ రాశాడట.

మెయిల్‌బాక్స్ మీద నా పేరు లేదు. ఆగస్టు నుంచీ లేదు. ఫ్లాట్‌మేట్ పేరు ఉంది, ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిన ఇద్దరి పేర్లు ఉన్నాయి. అమెజాన్ పార్సిళ్ళు ఎందుకు వచ్చాయంటే డెలివరీ అతను ఫోన్ చేసేవాడు, నేను కిందకి వెళ్ళేవాణ్ణి. ఆఫీసు ఉత్తరం ఫోన్ చేయదు కదా.

ఆ ఉత్తరంలో ఏముందంటే, ఈ సెమిస్టర్ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, ఆర్థిక రుజువు పంపండి, రాగానే టెర్మిన్ ఇస్తాం అని. అంటే ఇన్నాళ్ళూ నేను వాళ్ళకోసం, వాళ్ళు నాకోసం ఎదురుచూస్తున్నాం. నేను ఇక్కడ ఎన్ని తిట్లు రాశానో తలుచుకుంటే సిగ్గేస్తోంది. మెయిళ్ళకి జవాబు ఇవ్వకపోవడం మాత్రం వాళ్ళ తప్పే, అది వెనక్కి తీసుకోను.

కాగితాలు అక్కడికక్కడే ఇచ్చేశా, కోటయ్యగారు చెప్పినవన్నీ ఫైల్లో పెట్టుకుని వెళ్ళా కాబట్టి. హెచ్ఆర్ మెయిల్ చూపించగానే ఆవిడ తల ఊపి, డిసెంబర్ 4కి ఫిక్షన్ కోసం టెర్మిన్ రాసిచ్చింది.

బెర్లిన్_బాబాయ్

నేను అడిగినప్పుడు అదేం సమస్య కాదన్నావు కదరా!

పదకొండేళ్ళలో నేను చూసిన పర్మిట్ కష్టాల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. ఇక్కడ పోస్ట్‌మ్యాన్‌కి ఫ్లాట్ నంబర్ అక్కర్లేదు, డబ్బా మీద పేరు చూస్తాడు. లేకపోతే వెనక్కి. కార్డు తాలూకు పిన్ ఉత్తరం కూడా అలాగే వస్తుంది.

పెసరట్టు_ప్రేమికుడు

రేడియో-టీవీ లైసెన్స్ వాళ్ళ నెలకి 18.36 యూరోలు కట్టమనే ఉత్తరం మాత్రం వచ్చిందా, రాలేదా? నిజం చెప్పు.

ఖమ్మం_మిర్చి

వచ్చింది! అది ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

అత్తిలి_అమ్మాయి

అది గాలిలోంచి వస్తుంది. ఇంటికొకటే కట్టాలి, ఫ్లాట్‌మేట్ కడుతుంటే ఆ నంబర్ రాసి పంపు, రెండోసారి కట్టకు.

కడప_కుర్రోడు

డబ్బు సంగతి ఏమైంది? రథం అవసరం పడిందా?

ఖమ్మం_మిర్చి

పడలేదు బ్రో. పేస్లిప్పులు, కాంట్రాక్ట్, టీమ్ లీడ్ మెయిల్, స్టేట్‌మెంట్. ఆవిడ స్టేట్‌మెంట్ పైనుంచి కిందిదాకా వేలుపెట్టి చదివింది. గడుసుపిల్ల అక్క చెప్పినట్టే. మధ్యలో నువ్వు చెప్పినట్టు తిప్పిన డబ్బు ఉండి ఉంటే నా గొంతు తడారిపోయేది.

కడప_కుర్రోడు

సరే. మా బ్యాచ్ రథాన్ని షెడ్డులో పెట్టేస్తున్నాం.

గుంటూరు_గడుసుపిల్ల

4న ఏమైందో వచ్చి రాయి. చాలామంది పనవ్వగానే మాయమైపోతారు, థ్రెడ్ చదివేవాళ్ళకి కథ సగంలో ఆగుతుంది.

ఖమ్మం_మిర్చి · 4 డిసెంబర్ 2025

వచ్చా అక్కా.

ఫిక్షన్ చేతిలో ఉంది. 13 యూరోలు కార్డుతో కట్టా. మూడో గడిలో టిక్, అక్కడే నిలబడి రెండుసార్లు చూసుకున్నా. జూన్ 3 దాకా ఇచ్చారు. వేలిముద్రలు కూడా ఇవాళే తీసుకున్నారు, కార్డు ప్రింట్ అయి రావడానికి ఆరు వారాల పైనే అంటున్నారు. పెళ్ళి లోపు వచ్చినా రాకపోయినా వెళ్తా. హెచ్ఆర్‌కి స్కాన్ పంపితే పది నిమిషాల్లో "సూపర్, థ్యాంక్యూ" అని జవాబు. ఇన్నాళ్ళూ నన్ను నిద్రపోనివ్వని మనిషి ఈవిడేనా అనిపించింది.

ఒక విషయం అడగడం మర్చిపోయా. కోర్సు అయ్యాక?

కాగితాల_కోటయ్య

డిగ్రీ పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ అడగొచ్చు. ఆ టైములో ఏ పనైనా చేసుకోవచ్చు, ఇప్పుడు స్టూడెంట్‌గా ఏడాదికి 140 రోజులే పని చేయాలనే లెక్క ఉండదు. ఉద్యోగం ముందే దొరికితే నేరుగా బ్లూ కార్డు. కొత్తగా డిగ్రీ అయినవాళ్ళకి ఈ ఏడాది, అంటే 2025లో, జీతం పరిమితి 43,759.80 యూరోలు, ఏటా జనవరిలో మారుతుంది. అప్లికేషన్ మాత్రం అప్పుడూ గడువు లోపే.

అత్తిలి_అమ్మాయి

టికెట్ బుక్ చేశావా?

ఖమ్మం_మిర్చి

హైదరాబాద్ నేరుగా, ఫిబ్రవరి 19. అమ్మ అప్పుడే పట్టుపంచె కొలతలు అడుగుతోంది.

పెసరట్టు_ప్రేమికుడు

అసలు ప్రశ్న. డబ్బా మీద పేరు రాశావా?

ఖమ్మం_మిర్చి

రాశా. మా ఇంటిపేరు పదహారు అక్షరాలు, చీటీలో పట్టలేదు. ఖాళీ చేసి వెళ్ళిన ఇద్దరి పేర్లూ పీకేసి, మూడు చీటీల వెడల్పున టేప్ వేసి అంటించా. ఇవాళ పొద్దున పోస్ట్‌మ్యాన్ కనిపించి "ఓ, మీరేనా" అన్నాడు.

కొత్తగా_వచ్చా

ఒక్క నిమిషం, కిందకి వెళ్ళి చూసొస్తా.

కొత్తగా_వచ్చా

నా పేరు కూడా లేదు.